మా కింది వాటాలో ఓడ దూలం

మా అక్క గది తలుపు ఒక సోమవారం గచ్చుకు రాసుకుంది. ఇన్నేళ్లూ వేలితో తోస్తే మూసుకున్న తలుపు. పక్కన గోడలో వెంట్రుకంత పగులు కనిపించింది. దాని కొసన పెన్సిలుతో గీత గీసి తేదీ వేశాను. సినిమా కంపెనీల్లో లెక్కలు చూసి బతికినదాన్ని. తేదీ వేయందే నాకు ఏదీ జరిగినట్టుండదు.

బుధవారానికి పగులు గీత దాటి బెత్తెడు సాగింది.

అక్క తుంటి విరిగి మంచం పట్టింది. ఆ మంచానికి సరిగ్గా కిందే పబ్బు తయారవుతోంది. ఫిల్మ్ నగర్‌లో మాది రెండంతస్తుల పాత ఇల్లు. కింది వాటా అద్దెకు తీసుకున్న యువకుడు, జూబ్లీ హిల్స్‌లో పబ్బులన్నీ ఒకేలా ఉన్నాయనీ, తనది ఇంగ్లండు రేవు పట్టణాల్లోని పాత పబ్బులా ఉంటుందనీ చెప్పాడు. నాకు ముచ్చటేసింది. షూటింగు వాళ్లతో ఒకసారి అలాంటి ఊరికి వెళ్లాను. అక్కడ రేవు పక్కన ఒక పబ్బు సముద్రం వైపు ఒరిగి ఉంది. లోపల తల వంచుకుని నడవాలి. కప్పును మోస్తున్నవి విరిగిన ఓడల దూలాలట. మేకులు ఊడిన చిల్లులు అలాగే ఉన్నాయి. ముసలి యజమాని ఒక దూలాన్ని పిడికిలితో గుద్ది, నన్నూ గుద్దమన్నాడు. నా చెయ్యి నొప్పి పుట్టింది తప్ప దూలం పలకలేదు.

బుధవారం నాడే కిందికి దిగాను. హాలు మధ్య గోడ లేదు. ఆ చోట ఈ కొస నుంచి ఆ కొసకు నల్లటి ఓడ దూలం.

"ఇక్కడ గోడ ఉండాలి కదయ్యా?" అన్నాను, పబ్బు పని చేస్తున్న సినిమా సెట్ల మేస్త్రితో.

"తీసేసినం అమ్మా. సారుకు అడ్డమొస్తుండె. గా దూలం చూడుండ్రి, అచ్చం ఓడలకెళ్లి తెచ్చినట్టు లేదా?"

స్టూలెక్కి గుద్దాను. డొల్లగా మోగింది.

"దేంతో చేశావు?"

"ప్లైవుడ్డు. మీద ప్లాస్టరు, రంగు. కెమెరాకు అసలుదే గదా!"

"కెమెరా ఎక్కడుందయ్యా ఇక్కడ? పైన మా అక్క ఉంది."

నవ్వాడు. "ఫికర్ చెయ్యకుండ్రి. గుమ్మడికాయ కొట్టేదాకా నా సెట్టు ఒక్కటి గూడ కూలలే."

షూటింగు ముగిసిన రోజు గుమ్మడికాయ కొట్టి, ఆ తర్వాత సెట్టు విప్పేస్తారు. అతను కట్టినవన్నీ అంతవరకు నిలబడితే చాలు. పైగా సెట్టుకు కప్పు ఉండదు. అక్కడ లైట్లు వేలాడతాయి. గోడ మీద బరువు ఉంటుందన్న సంగతి ఆ చేతులకు ఎప్పుడూ అవసరం పడలేదు.

పైన అక్క నన్ను పిలవడానికి చేతికర్రతో నేలను తట్టింది. నా భుజం మీద సున్నం రాలింది.

మేస్త్రి పైకి చూశాడు. నవ్వు పోయింది. "అమ్మా, గీడ నిలబడకుండ్రి," అని, స్లాబులకు కింద పెట్టే ఇనప జాకీల కోసం రహమత్ నగర్‌కు బండి మీద పరుగెత్తాడు.

నేను పైకి వెళ్లి గడప దగ్గరే ఆగాను. గడప కింద గోడ ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. అక్కను మోయాలంటే ముగ్గురు లోపలికి రావాలి. మంచం బరువు, అక్క బరువు, ఆ ముగ్గురి బరువు. జన్మలో మొదటిసారి కూడిక వేయడానికి భయపడ్డాను.

"రావేమే లోపలికి? నాకేమన్నా అంటురోగమా?" అంది అక్క.

"కాళ్లు తడిగా ఉన్నాయక్కా. ఆ కర్ర మాత్రం కొట్టకు."

"కొడితే తప్ప నీకు వినపడి చస్తుందా? మంచినీళ్లివ్వు."

"ఇస్తాను. కదలకు."

"కదలగలిగితే నిన్నెందుకు అడుగుతానే!"

నీళ్ల గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆమె తిడుతూనే ఉంది. తిట్టు ఆగినప్పుడల్లా నాకు పగులు సాగుతున్న చప్పుడు వినిపించేది. నిజంగా వినిపించిందో లేదో ఇప్పటికీ చెప్పలేను.

చివరికి కింద ఇనుము మీద సుత్తి దెబ్బలు మొదలయ్యాయి.

"ఏం కొడుతున్నారే?"

"కొబ్బరికాయలు. పబ్బుకు ముహూర్తమట."

"ఇన్నా?"

మేస్త్రి మెట్ల మీంచి అరిచాడు: "బిగించినం అమ్మా, ఇగ పోవచ్చు!" ముందు ఒక కాలే పెట్టాను. నేల ఊరుకుంది. రెండోది పెట్టాను. నీళ్లు తాగించాక, మేస్త్రి, అతని కూలీ, నేను ముగ్గురం కలిసి అక్కను వీధి వైపు గదిలోకి మార్చాం.

తర్వాత ఇంజనీరు వచ్చి ఇనప దూలం వేయించాడు. పబ్బు తెరవలేదు, ఆ యువకుడు వేరే చోటు చూసుకున్నాడు. తలుపు మాత్రం ఇంకా రాసుకుంటూనే ఉంది. వడ్రంగి చిత్రిక పడతానంటే వద్దన్నాను. నునుపు చేసేస్తే, ఇంకా కుంగుతోందో లేదో నాకెలా తెలుస్తుంది? రోజూ పొద్దున్నే దాన్ని ఒకసారి మూసి చూస్తాను.