కుక్కలకు పనికిరాని ఉప్పుచేప

మా చిన్నప్పుడు... అలాస్కాలో, యూకాన్ నది ఒడ్డున, వేసవి చివర ప్రతి ఇంటి ముందూ దండేల మీద సాల్మన్ చేపలు వేలాడుతుండేవి. మనుషుల కోసం కాదు... కుక్కల కోసం. రోడ్లు లేని ఆ ఊళ్ళో కట్టెలు తేవాలన్నా, పక్క ఊరికి వెళ్ళాలన్నా మంచు మీద కుక్కలు లాగే స్లెడ్ బండే దిక్కు. చలికాలమంతా వాటికి ఆ ఎండుచేపే తిండి.

నాన్నగారు అక్కడి బడిలో మాస్టారు. అంతకుముందున్న మాస్టారు వెళ్ళిపోతూ తన కుక్కలను మాకు అప్పగించారు. బండికి ముందు నడిచే పెద్దకుక్కకు నాన్నగారు బంటు అని పేరు పెట్టుకున్నారు. మంచు తుఫానులో దారి కనబడకపోయినా అది మమ్మల్ని ఇంటికి చేర్చేది.

అమ్మది బందరు. చేపను ఎండబెట్టడం ఆమెకు ఒకరు నేర్పనక్కరలేదు. చీల్చి, ఉప్పు దట్టించి, పీపాల్లో ఊరబెట్టి, ఆ తరువాతే దండెం మీద వేసింది. ఆ ఏటి వానలకు ఊరివాళ్ళ చేప సగం కుళ్ళిపోయింది... మాది మాత్రం చెక్కలా ఎండింది. అమ్మ ఎంత మురిసిపోయిందో!

నది గడ్డకట్టాక కుక్కలకు ఆ చేప పెట్టడం మొదలుపెట్టాం. ఆబగా తిన్నాయి. ఆపైన ఆగకుండా మంచు కొరుక్కుతిన్నాయి... కక్కుకున్నాయి. కొద్ది రోజులకే రెండు కుక్కలు కాళ్ళు తన్నుకుని చచ్చిపోయాయి.

పక్కింటి ముసలమ్మ ఆ నదీతీరపు తెగ మనిషి. మేము మామ్మ అనేవాళ్ళం. వచ్చి, ఒక ముక్క కొరికి ఉమ్మేసింది.

"ఇది మీ ఆయనకు పెట్టుకో, టీచరమ్మా. కుక్కల చేపకు మేము పొగ తప్ప ఏమీ తగలనివ్వం," అంది తన ఇంగ్లిష్‌లో.

నాన్నగారు గోడకున్న తుపాకీ వైపు చూశారు. తిండి చాలకపోతే కుక్కలను ఆ ఊరివాళ్ళు ఆకలికి వదిలేయరు... కాల్చేస్తారు. మాకు ఇవ్వడానికి ఆ ఏడు ఎవరి దగ్గరా మిగులు లేదు.

"ఏవండీ, తుపాకీ ముట్టుకోకండి. ఉప్పుచేపను నానబెట్టకుండా మా ఇంట్లో ఎప్పుడైనా వండామా?"

"నీళ్ళేవే ఇక్కడ? నదంతా బండరాయిలా ఉంటే!"

"పగలగొడతాను."

పగలగొట్టింది. గునపంతో నదిలో కన్నం చేసి, నీళ్ళు మోసి, పొయ్యి పక్కన చేప నానబెట్టి, ఆ ఉప్పునీళ్ళు పారబోసి, మళ్ళీ మోసి... వేళ్ళు పగిలి నెత్తురు కారేది. చలికి ఒక వేలి కొస నల్లబడి ఊడిపోయింది. ఉప్పు విరిగిన చేపను తిని కుక్కలు ఒక్కొక్కటే తేరుకున్నాయి.

బంటు తేరుకోలేదు. ముందు నడిచేది కదా అని పెద్ద వాటా దానికే పెట్టాం... అందుకే అందరికంటే ఎక్కువ ఉప్పు తిన్నది అదే. లేచి నిలబడలేకపోయింది. ఒక ఉదయం నాన్నగారు దాన్ని ఎత్తుకుని చెట్ల వెనక్కి వెళ్ళారు. తుపాకీ చప్పుడు వినబడినప్పుడు అమ్మ నది మీద ఉంది. గునపం ఆపలేదు.

ఇప్పుడు నేను అమెరికాలోనే, బాతెల్ అనే ఊళ్ళో ఒంటరిగా ఉంటున్నాను. డెబ్బై దాటాయి, ఎందుకీ ప్రయాణాలు అని పిల్లలు వారించినా వినక, పోయిన శరదృతువులో ఆ ఊరు వెళ్ళి వచ్చాను. ఒక్క కుక్క మొరగలేదు. సాల్మన్ ఆ నదికి రావడం దాదాపు మానేసింది... పట్టడం కూడా నిషేధించారు. మామ్మ మనవరాలిని అడిగాను, కుక్కలేవమ్మా అని.

"ఏం పెట్టి సాకమంటావు, ఆంటీ?" అంది.

అమ్మ చేతికి పగలగొట్టడానికి మంచుగడ్డ అయినా ఉండేది... ఈ పిల్ల చేతికి ఏముంది?

మీ ఇళ్ళలో ఏ జీవిని సాకడం మానుకోవలసి వచ్చిందో, చివరిదాన్ని ఎలా సాగనంపారో రాయండి. నాకు ఓదార్పు అక్కరలేదు... వాటి పేర్లు చెప్పండి, చాలు.