వాగుకు అడ్డంగా నేను వేసిన కట్ట

1984లో నేను భద్రాచలం అడవి అంచున రోడ్ల శాఖలో జూనియర్ ఇంజినీర్‌ని. వానాకాలమంతా ఒక కోయగూడేనికి దారి తెగిపోయేది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, వాగు మీద ఎనిమిదడుగుల మట్టికట్ట లేపి, కింద మూడు హ్యూమ్ పైపులు, అంటే సిమెంటు గొట్టాలు, పెట్టించాను.

గూడెం పెద్ద కన్నయ్య వాటిలోకి తొంగి చూశాడు.

"వాగు ఒక్కతే రాదు సారూ. వెదురు పొదల్ని పెకిలించుకొని వస్తది. గీ గొట్టాలల్ల పడ్తయా?"

"డిశ్చార్జి లెక్క కట్టాను పెద్దాయనా," అన్నాను. వరదలో సెకనుకు ఎంత నీరు పారుతుందో చెప్పే లెక్క అది. అందులో వెదురు లేదు. నాకా ఊహే రాలేదు.

ఆగస్టులో మూడు రోజులు వాన పట్టింది. నాలుగో రోజు పొద్దున కట్ట చూడబోయాను. పైపుల నోళ్లకు వెదురు అడ్డం పడి, నీళ్లు వెనక్కి తన్ని గూడెంలోకి ఎక్కుతున్నాయి. కన్నయ్య తడిసి ముద్దయి ఎదురొచ్చాడు.

"రోడ్డు తెంపుతం సారూ. ఇండ్లల్ల నడుము లోతు నీళ్లున్నయ్. మా ముసల్దానికి కాళ్లు రావు, అటక మీద కూసోబెట్టిన."

"సర్కారు రోడ్డు కదా, పైవాళ్లను అడగాలి."

"అందుకే నిన్ను అడుగుతున్న. మేమే తెంపితే కేసు పెడ్తరు."

వైర్‌లెస్ ఉన్న పోలీసు స్టేషన్‌కు పరుగెత్తాను. ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ దొరికి సరేననేసరికి మూడు గంటలు పోయాయి. గడ్డపారలతో కట్ట తెంపాక నీళ్లు అరగంటలో దిగాయి. కన్నయ్య ఇంటి మట్టిగోడ అప్పటికే కూలిపోయింది. అతని భార్య శవం పైపు దగ్గరి వెదుర్లలో దొరికింది.

మేం తెంపిన గండి తప్ప రోడ్డుకు ఏ నష్టమూ లేదు. రిపోర్టులో అలాగే రాశాను. రాస్తుంటే నా మీద నాకే అసహ్యమేసింది.

మరుసటి వేసవిలో ఆ కట్ట తీయించి, వరద పైనుంచి పొర్లిపోయేలా తక్కువ ఎత్తులో కాజ్‌వే కట్టాను. ఏటా కొన్నాళ్లు మునుగుతుందని ఆఫీసులో సణిగారు. మునగనీ అన్నాను. ఎత్తు ఎంతుండాలో కన్నయ్యనే అడిగాను. మోకాలి మీద చెయ్యి పెట్టి చూపించాడు. నన్ను తిడతాడేమోనని, తిడితే బాగుండునని, అక్కడే నిలబడ్డాను.

"తప్పు నాదే సారూ," అన్నాడు. "నిన్ను అడగకుంట తెంపాల్సి ఉండె."

తర్వాత సర్వీసంతా ఏ వాగు మీద రోడ్డు వేసినా ఆ ఊరివాళ్లకు ఒక కాగితం రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. నీళ్లు ఆగితే తెంపండి, నన్ను అడగొద్దు, కేసైతే నా మీద.