టోన్‌ను నమ్మిన టార్మో

ఉత్తర ఫిన్లాండ్‌లో, ఔలు ఊరి టీవీ స్టేషన్‌లో, పాత వీడియో టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కించే గది ఒకటుంది. ఆ గది టార్మోది. కాగితాల మీద ఎవరిదైనా కానివ్వండి, కుర్చీ అతని నడుం ఆకారానికి అరిగిపోయింది. ప్రతి టేపు మొదట్లో తెర మీద రంగుపట్టీలతో పాటు ఒక కూత వస్తుంది, ఎక్కడం దిగడం లేకుండా, ఒకే తీరున. దాన్ని టోన్ అంటారు. సౌండు మీటర్ ముల్లు నిర్ణీత గీత మీదికి వచ్చేదాకా నాబ్ తిప్పి ఆ టోన్‌ను సరిచేస్తే చాలు, వెనక వచ్చే మాటలూ పాటలూ సరైన మోతాదులో పడతాయి. చెవికి పక్షపాతం ఉంటుందని, టోన్‌కి ఉండదని టార్మో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు.

ఈమధ్య చెవిని నమ్మకపోవడానికి ఇంకో కారణం కూడా తోడైంది. ఇంట్లో అతను టీవీ సౌండు పెంచుతాడు, భార్య తగ్గిస్తుంది. ఆఫీసు నర్సు చెవుల పరీక్షకు రమ్మంటే ఏదో వంక పెట్టి తప్పించుకున్నాడు. చెవులు పోయాయని తేలితే ఈ కుర్చీ పోతుంది. ఆ తర్వాత పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో టార్మోకి తోచేది కాదు. భయమేసేది. ఎవరితోనూ అనలేదు.

అలాంటి రోజుల్లో కైను ప్రాంతం నుంచి ఒక పెట్టెడు టేపులు వచ్చి పడ్డాయి. గడ్డకట్టిన సరస్సు మీద మంచుకు బొక్క పెట్టి చేపలు పట్టే ముసలివాళ్ళతో ముచ్చట్లు. మొదటి టేపు టోన్ గీతను దాటి బాగా పైకి పోయింది. టార్మో పద్ధతి ప్రకారం దాన్ని దించి గీతకు తెచ్చాడు. ముచ్చట మొదలైంది. ముసలాయన పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం బావిలోంచి వస్తున్నట్టుంది. ముల్లు అడుగునే కొట్టుకుంటోంది.

టార్మోకి బుర్ర పనిచేయలేదు. ముల్లే లేవడం లేదంటే తప్పు నా చెవులది కాదు కదా అనుకున్నాడు. ఆయన మెల్లగా మాట్లాడితే ముల్లు లేవదు, మంచి చెవులకైతే అదీ వినపడాలి కదా అనీ అనుకున్నాడు. టేపు వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. టోన్ చూస్తే నిక్షేపంగా ఉంది.

పక్క గదిలో టేపుల వివరాలు రాసుకునే సైలాను పిలిచాడు.

"ఇది నీకు తక్కువగా వినిపిస్తోందా?"

"కాస్త తక్కువే. అయినా కైనువాళ్ళు కదా టార్మో, వాళ్ళకి నోరు తెరవాలంటే బద్ధకం. మా మామగారు చూడండి, ఉప్పందుకోమనడానికి కూడా గొంతు సవరించుకుని ఆలోచిస్తారు."

"మాట అర్థమవుతోందా?"

"ఆ, ఎందుకవదు? ఈ ఏడు మంచు పల్చగా పట్టింది, మనవణ్ణి రానివ్వలేదు అంటున్నాడు."

టార్మోకి మంచూ వినపడలేదు, మనవడూ వినపడలేదు. తనకీ తెలిసినట్టే తలాడించాడు.

ఆమె వెళ్ళగానే, ఆ టేపులు తయారైన రోజుల్లో కైనులో పనిచేసిన పాత నేస్తం ఎర్కికి ఫోన్ చేశాడు.

"ఒరేయ్ టార్మో, ఆ టోన్‌ను నమ్మావా?" ఎర్కికి నవ్వాగలేదు. "పని లేని రోజున ఖాళీ టేపులన్నీ వరసబెట్టి ముందే టోన్ కొట్టి పడేసేవాళ్ళం. తర్వాత ప్రోగ్రాం ఎక్కించేవాడు వేరు, మెషీన్ వేరు. ఆ టోన్‌కీ ఆ ముసలాయనకీ ముఖపరిచయం కూడా లేదురా!"

"మరి లెవెల్ దేన్ని చూసి పెట్టను?"

"చూడ్డమేంట్రా? రెండు చెవులున్నాయిగా. కళ్ళు మూసుకుని విను. చాలనిపించిన చోట ఆపు."

తప్పు టేపుదే! టార్మోకి ఎగిరి గంతేయాలనిపించింది. కాఫీ పోసుకుని వచ్చి, కళ్ళు మూసుకుని నాబ్ తిప్పాడు. తిప్పాడు, తిప్పాడు. ముసలాయన గొంతు మెల్లగా దగ్గరికొచ్చింది. మంచు అన్నాడు, మనవడు అన్నాడు. ప్రతి మాటా స్పష్టంగా వినిపిస్తుంటే టార్మో కళ్ళు చెమర్చాయి.

తలుపు దభాలున తెరుచుకుంది. సైలా రెండు చెవులూ మూసుకుని ఉంది.

"ఏంటిది టార్మో! మెట్ల కింది దాకా అరుపులు!"

అతను కళ్ళు తెరిచాడు. ముల్లు ఎర్రగీత దాటి, అంచుకు కొట్టుకుంటోంది. టేపుదే తప్పని ఎర్కి చెప్పాడు కదా, మరి ఇదేమిటి? సైలా గబగబా వచ్చి నాబ్ తగ్గించింది. ముల్లు దిగి, ఉండవలసిన చోట ఆడసాగింది.

"హమ్మయ్య. ఇప్పుడు గంటలా వినిపిస్తోంది," అంది.

తెర మీద ముసలాయన పెదవులు కదులుతున్నాయి. టార్మో ముందుకు వంగాడు, చెవి అటు తిప్పాడు. సైలా ముసలాయన మాటకు ఫక్కున నవ్వింది. అతనూ నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

"ఏమన్నాడు?" అని అడిగాడు.

సైలా నవ్వు ఆగిపోయింది. అతని వైపు తిరిగింది.

టార్మో కుర్చీలోంచి లేచి, దాన్ని ఆమె వైపు జరిపాడు. "నువ్వు కూర్చో సైలా. నాకు వినపడటం లేదు."