కుక్కర్ గాస్కెట్‌కి రాసిన నూనె, పద్దెనిమిది మీటర్ల లోతున పోయిన అంకె

హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, ఏడాదికోసారి అండమాన్ వెళ్ళి సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి దిగే పిచ్చి నా ఒక్కడికే లేదని ఈ బ్లాగుకి వచ్చే ప్రశ్నలు చూస్తే తెలుస్తోంది. డైవ్ కంప్యూటర్‌కి ఈ ఊళ్ళో బ్యాటరీ ఎక్కడ మార్పించాలని అడిగిన వాళ్ళందరికీ కలిపి ఇది రాస్తున్నాను. ఒక్క బ్యాటరీ కోసం పోయిన శనివారం పొద్దుటినుంచి సాయంత్రం దాకా తిరిగాను. కాళ్ళు ఇంకా లాగుతున్నాయి.

తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. డైవ్ కంప్యూటర్ చేతికి గడియారంలా కట్టుకుంటాం. సిలిండర్ వైపు బొటనవేలంత ట్రాన్స్‌మిటర్ ఒకటి బిగిస్తాం. లోపల ఎంత గాలి మిగిలిందో అది తీగ లేకుండా చేతి మీదికి పంపుతుంది. పోయిన డిసెంబరులో పద్దెనిమిది మీటర్ల లోతున నా చేతి మీద ఆ అంకె పోయి, వట్టి గీతలు మిగిలాయి. పైకి వెళ్దామని సైగ చేశాను. నా భార్య శైలజకి అది రెండో డైవ్. నా మొహం చూసి బెదిరిపోయి, ఒంటికి ఒత్తిడి సర్దుకోవడానికి ఆగాల్సిన చోట ఆగకుండా పైకి వచ్చేసింది. రెండు వారాలు చెవి నొప్పితో నిద్రపోలేదు. "మిషన్ పోయింది, నిజమే. అయినా నువ్వు అంత కంగారు పడకుండా ఉండాల్సింది" అన్నాను. ఆ రోజు పడవలో నలుగురూ అదే అన్నారు. ఇప్పుడు మళ్ళీ టికెట్లు తీశాక తను ఒకటే మాట అంది. "ఏవండీ, అది ఎందుకు పోయిందో తెలుసుకుని, ఇంక పోదని నా మొహం చూసి చెప్పండి. వస్తాను. చెప్పలేకపోతే నేను ఒడ్డునే కూర్చుంటాను."

ఆదివారం పొద్దున్నే సికింద్రాబాదులో మా రైలు, అది దిగాక ఓడ. అంటే నాకున్నది ఒక్క శనివారం. శుక్రవారం ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు పుణ్యమా అని ఆ ముందు రెండు రోజులు సరిగ్గా నిద్ర కూడా లేదు. పదింటికి మధురానగర్‌లో ఇంటి నుంచి అమీర్‌పేటకి నడిచాను, పది నిమిషాలు. సెంటర్‌కి చేరేలోపు నలభై అయిదు రోజుల్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పిస్తామనే కాగితాలు నాలుగు చేతిలో పడ్డాయి. ఆరేళ్ళ నుంచి చేస్తున్నది ఆ వెధవ ఉద్యోగమేనని చెప్పే ఓపిక లేక అన్నీ తీసుకుని జేబులో పెట్టుకున్నాను.

ట్రాన్స్‌మిటర్‌లో పడేది కెమెరాలకి వేసే పొట్టి లిథియం బ్యాటరీయే. ఫోటో స్టూడియోలకి సామాను అమ్మే కొట్లో దొరుకుతుంది, నూట ఎనభై రూపాయలు. కొట్టాయన మీటరు పెట్టి చూపించాడు. "మూడు వోల్టులు సార్, ఫికర్ లేదు." తిప్పి చూస్తే దాని మీద వేసిన గడువు ఎప్పుడో దాటిపోయింది. "కొత్త డబ్బాలోది ఇవ్వన్నా" అంటే, "గీ దానికి ఏమైంది సార్, నడుస్తది" అని గొణుక్కుంటూనే ఇంకోటి తీసిచ్చాడు. ఊరికే మీటరు పెడితే పాత బ్యాటరీ కూడా మూడు వోల్టులూ చూపిస్తుంది. పని మొదలుపెట్టాకే చతికిలబడుతుంది. తీరా ట్రాన్స్‌మిటర్ మూత తీద్దామని రూపాయి బిళ్ళతో ఎంత తిప్పినా రాలేదు. అండమాన్ నుంచి వచ్చాక దాన్ని అటక మీద పడేసి మళ్ళీ ముట్టుకోలేదు మరి. పంజగుట్టలో యాదగిరి అని గడియారాలు బాగుచేసే ఆయన ఉన్నాడు, అక్కడికి పొమ్మన్నాడు కొట్టాయన.

ఆటో వాణ్ణి మీటరు వెయ్యమంటే "మీటర్ ఖరాబైంది సార్, ఇరవై ఇయ్యుండ్రి" అన్నాడు. నా జాతకంలో ఏ మీటరూ పనిచేసే యోగం లేనట్టుంది. నడిచినా అంతే సేపు పట్టేది. ఆ ట్రాఫిక్‌లో ముప్పావు గంట కూర్చున్నాను.

యాదగిరిది సిరిసిల్ల. వాళ్ళ నాన్న మగ్గం నేసేవాడట. రెండు కొట్ల మధ్య సందులో అద్దాల పెట్టె ముందు కూర్చుని పనిచేస్తాడు. భోజనం డబ్బా మూసి చెయ్యి కడుక్కొచ్చి, కంటికి భూతద్దం పెట్టుకుని, పది నిమిషాలు ఓపిగ్గా తంటాలు పడి మూత తీశాడు. లోపల స్ప్రింగంతా పచ్చగా చిలుం పట్టింది.

"ఇంతకు ముందు ఎవరు మార్చిండ్రు సార్?"

"నేనే. పోయినసారి ప్రయాణానికి ముందు."

"గీ రబ్బర్‌కు ఏం రాసిండ్రు?"

"కొబ్బరి నూనె."

ఆయన భూతద్దం తీసి నన్నొకసారి చూశాడు. మా ఇంట్లో కుక్కర్ గాస్కెట్ బిగుసుకుపోతే మా అమ్మ కాస్త కొబ్బరి నూనె రాసేది. మూత చుట్టూ ఉండే రబ్బరు రింగుకి నేనూ అదే చేశాను. ఎంతో తెలివైన పని చేశాననుకున్నాను కూడా. ఆ రింగుకి పట్టుకుని ఉన్న సన్నటి దారప్పోగుని యాదగిరి పట్టకారుతో పైకెత్తాడు. నూనె తుడిచిన తువ్వాలుది.

"నూనెకు పోగు అంటుకున్నది. గీ పోగు ఎంబడే నీళ్ళు లోపటికి వొయినయ్. మిషన్ మంచిగనే ఉన్నది సార్, దాని తప్పేం లేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. పోయినసారి బ్యాటరీతో పాటు కంపెనీ వాళ్ళిచ్చిన కొత్త రింగూ, చిన్న సిలికాన్ గ్రీజు గొట్టమూ విప్పకుండా నా సంచిలోనే ఉన్నాయి. ఎప్పటికైనా పనికొస్తాయని దాచాను. అవి ఇస్తే చిలుమంతా గీకి, శుభ్రంగా తుడిచి, కొత్త రింగు వేసి మూత బిగించాడు. యాభై రూపాయలు తీసుకున్నాడు.

సిలిండర్‌లో గాలి ఒత్తిడి తగిలితే కానీ ట్రాన్స్‌మిటర్ మేలుకోదు. కాబట్టి బల్ల మీద పరీక్ష కుదరదు. మళ్ళీ ఆటో ఎక్కి, ఎర్రగడ్డ మీదుగా సనత్‌నగర్. ఫ్యాక్టరీల్లో పొగలోకి వెళ్ళేవాళ్ళ కోసం గాలి సిలిండర్లు నింపే షెడ్డు అక్కడొకటి ఉంది. గాలి పీల్చే గొట్టాలూ ట్రాన్స్‌మిటరూ బిగించే నా రెగ్యులేటర్ని సంచిలోనే తెచ్చుకున్నాను, అదృష్టం కొద్దీ అది ఆ సిలిండర్‌కి పట్టింది. వాల్వు తిప్పగానే చేతి మీద అంకె వచ్చింది. అరగంట అక్కడే స్టూలు మీద కూర్చుని దాన్నే చూస్తున్నాను. మధ్యలో ఒకసారి చెయ్యి వీపు వెనక్కి పెడితే అంకె పోయింది, ముందుకి తెచ్చిన కాసేపటికి మళ్ళీ వచ్చింది. షెడ్డు యజమాని నవ్వాడు. "తీగ లేని దాంతోని గింతే సార్. మా వాళ్ళకైతే గొట్టం కట్టిన ముల్లు మీటరే ఇస్తం. పక్కకు గదొకటి సుత పెట్టుకోండ్రి."

అయిదింటికి షెడ్డు బయట నిలబడి శైలజకి ఫోన్ చేశాను. బాగైపోయింది, ఇంక పోదు అని చెప్పేస్తే పని అయిపోతుంది. అంత అలసటలో నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఇంటికెళ్ళి ఆ మాట తన మొహం చూసి అనలేనని తెలుసు.

"శైలూ, అది మళ్ళీ పోవచ్చు. ఒక ముల్లు మీటరు కూడా పెట్టుకుందాం. ఇంకోటి, పోయినసారి మిషన్ పాడవలేదు. బ్యాటరీ మూత నేనే సరిగ్గా వెయ్యలేదు. నూనె రాశాను, నీళ్ళు పోయాయి."

పక్క షెడ్డులో గ్రైండర్ మొదలైంది, ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకున్నాను.

"ఇన్నాళ్ళూ నేనే పిరికిదాన్ననుకున్నానండీ" అంది. "నాకు చేతకాదేమోనని స్విమ్మింగ్‌కి వెళ్ళడం కూడా మానేశాను. మీరేమో బద్ధకం అనుకున్నారు."

క్షమించమన్నాను. ఆ మాట ఆ గ్రైండర్ చప్పుడులో ఎంత వినపడిందో తెలియదు.

ఇది రాస్తున్నది అండమాన్ గదిలో. ముల్లు మీటరు ఇక్కడే అద్దెకి దొరికింది. నా ట్రాన్స్‌మిటర్‌ని తిట్టుకున్నంత నేను ఏ మనిషినీ తిట్టుకోలేదు. తీరా చూస్తే అది తన పని తను చేసింది, నేను చెయ్యలేదు. నా పొరపాటుని మోసింది మిషనూ కాదు, నేనూ కాదు, మా ఆవిడ. మీరు బయల్దేరే ముందు చెయ్యాల్సింది ఒక్కటే: బ్యాటరీ మార్చిన ప్రతిసారీ కొత్త రింగు వేసి, సిలిండర్‌కి తగిలించి అరగంట చూడండి. ఇవాళ పొద్దున పడవ ఎక్కేముందు శైలజ నా చేతిలోంచి ట్రాన్స్‌మిటర్ తీసుకుని మూత తనే విప్పి, రింగు చుట్టూ వేలు పెట్టి చూసి, మళ్ళీ తనే బిగించింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. తర్వాత నాకంటే ముందు నీళ్ళలోకి దిగింది.