చాలన్నా ఆగని గరిటె

నా చిన్నప్పుడు మా అమ్మమ్మగారింట్లో 'చాలు' అన్న మాటకి పూచికపుల్లంత విలువ కూడా ఉండేది కాదు. కొత్తపేట దగ్గర పల్లెటూరు వాళ్ళది. తినేవాళ్ళు వద్దంటారు, వడ్డించేవాళ్ళు దాన్ని మొహమాటం కింద జమకట్టి ఇంకో గరిటె కుమ్మరిస్తారు. అదీ మా వైపు మర్యాద. దాని గురించి ఇప్పటికీ గొప్పలు చెప్పుకునేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆ ఊసే గిట్టదు.

మా పిన్ని పెళ్ళయిన వెంటనే కొత్త బాబాయి మనుగుడుపులకి అత్తారింటికి వచ్చాడు. అనంతపురం వైపు కరువు పల్లెలో పుట్టిన బక్కపలచని మనిషి. వాళ్ళింట్లో విస్తట్లో మెతుకు వదిలితే పెట్టినవాళ్ళని అవమానించినట్టట. మా వైపు లెక్క వేరు. విస్తరి ఖాళీ అయిందంటే ఆకలి ఇంకా తీరలేదని అర్థం, కడుపు నిండినవాడు కాస్త వదిలి లేవాలి. ఈ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆయన మర్యాదకని ఊడ్చి తింటున్నాడు, అమ్మమ్మ మర్యాదకని మళ్ళీ నింపుతోంది.

"చాలత్తమ్మా, ఇంక పట్టదు" అని ఆయన బతిమాలుతుంటే, "అదేం తిండండీ అల్లుడుగారూ, పిట్ట తిన్నట్టు! మా ఇంట్లో మొహమాటం పనికిరాదండీ" అంటూ అమ్మమ్మ బూరెలకి గుంటలు చేసి నెయ్యి పోసింది. ఆ నెయ్యి విస్తరి దాటి నేలమీదకి కారింది. ఆయన మొహమంతా చెమట. తలుపు చాటునుంచి ఆడవాళ్ళు ఒకటే నవ్వు.

చెయ్యి కడుక్కున్నాడో లేదో, పెరట్లో ఒలిచి పడేసిన కొబ్బరి డొక్కల గుట్ట వెనక్కి పరుగెత్తాడు. నేను అక్కడే ఆడుకుంటున్నాను. తిన్నదంతా బయటికొచ్చింది. ఆ పులిసిన వాసనలో కలిసిన నెయ్యి వాసన, క్షణంలో ముసిరిన ఈగలు... ఛీ! ఇంత వయసొచ్చినా నేను బూరె నోట పెట్టలేను. కానీ అంతకన్నా రోత పుట్టించింది ఆ తరవాత జరిగినది. అమ్మమ్మ ఉప్పూ మిరపకాయలతో ఆయనకి దిష్టి తీసి, కడుపు ఖాళీ అయిపోయింది పాపం అని మళ్ళీ పాయసం పొయ్యి మీద పెట్టించింది.

లోపలి గదిలో బాబాయి పిన్నితో అన్న మాట నా చెవిన పడింది. పొద్దున్న బస్సుకే వెళ్ళిపోతాడట. మళ్ళీ ఈ గడప తొక్కడట, పిన్నిని కూడా పంపడట. పిన్ని గోడకి జారబడి ఏడుస్తోంది. పాపం, మొగుణ్ణి ఉండమని అడగలేదు, అమ్మని ఆపమనీ అడగలేదు. నేను పరుగున వెళ్ళి మా తాతయ్యకి చెప్పేశాను.

మా తాతయ్య వయసులో ఉండగా రంగం వెళ్ళినవాడు. బర్మాలోని రంగూన్‌ని మావాళ్ళు అలాగే అనేవారు. అక్కడ బియ్యం మిల్లులో పనిచేసి, యుద్ధం వచ్చినప్పుడు అడవుల వెంట నడిచి తిరిగొచ్చాడు. అక్కడి చీనా కొట్టాయన ఇచ్చిన పింగాణీ గిన్నె ఒకటి మూటలో తెచ్చుకున్నాడు. దాని లోపల, అడుగున, నీలం రంగులో నాలుగక్షరాలుండేవి. అన్నం అయిపోతేగాని అవి కనపడవు. కనపడగానే ఆయన లేచిపోయేవాడు. మొగుడికి కొసరి పెట్టడంలో ఏనాడో ఓడిపోయిన అమ్మమ్మ ఆ కసంతా వచ్చిపోయేవాళ్ళ మీద తీర్చుకునేదని నా అనుమానం.

దీపాలు పెట్టే వేళకి తాతయ్య ఆ గిన్నెలో తనే మజ్జిగన్నం కలిపి, దబ్బకాయ ముక్క వేసి అల్లుడి ముందు పెట్టి, పక్కనే కూర్చున్నాడు. బాబాయి బెరుకుబెరుకుగా తిన్నాడు. అక్షరాలు కనిపించాయి. "చాలత్తమ్మా" అన్నాడు. అప్పటికే అమ్మమ్మ వేడి పాయసం గరిటెతో వంగింది. తాతయ్య గిన్నె మీద అరచెయ్యి బోర్లా పెట్టాడు. గరిటె ఆగలేదు, అలవాటుపడ్డ చెయ్యి కదా! పాయసం ఆయన చేతి మీద పడింది. ఆయన చెయ్యి తియ్యలేదు.

"చాలన్నాడు కదే. వినపళ్ళేదా?" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు.

అప్పుడు చెప్పాడు. అడవి దాటాక మొదటి ఊళ్ళో ఎవరో పుణ్యాత్ములు వాళ్ళకి అన్నం పెట్టారట. తోడుగా నడిచిన స్నేహితుడు చాలంటున్నా, ఎన్నాళ్ళయిందో తిని అంటూ కొసరి కొసరి పెట్టారట. ఎండిపోయిన పేగు తట్టుకోలేకపోయింది. తెల్లారేసరికి మనిషి లేడు.

"పెట్టినవాళ్ళు మంచివాళ్ళేనే. నీలాంటివాళ్ళే" అన్నాడు.

అమ్మమ్మ గరిటె కింద పెట్టి, కొంగుతో ఆయన చెయ్యి తుడిచింది. ఆ తరవాత అల్లుడి వైపు తిరిగి, "చాలాండీ?" అంది. "చాలత్తమ్మా" అన్నాడాయన. "ఆయ్, అలాగేనండీ" అంది. ఆ ఇంట్లో ఆ మాట చెల్లడం అదే మొదలు. పొద్దున్న బాబాయి బస్సెక్కలేదు. తరవాత ఎప్పుడొచ్చినా ఆయన అన్నం ఆ గిన్నెలోనే.

చాలు అని ఎరిగినవాడికి ఎప్పుడూ సంతోషమే అని ఆ నాలుగక్షరాలకి అర్థం. తాతయ్యకి కొట్టాయన చెప్పాడట. గిన్నె ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఈమధ్య మా మనవరాలు ఫోన్లో వెతికి అదే అర్థం చెప్పింది. మూలం రెండు వేల ఏళ్ళకి ముందటి ఒక చీనా జ్ఞాని రచనలో ఉందట. రాజుల ఆశకి అంతులేక గుర్రాలన్నీ యుద్ధాలకే పోయే రోజుల గురించి చెబుతూ, చాలన్నది తెలియకపోవడాన్ని మించిన కీడు లేదన్నాడట ఆయన. జనం నోట నలిగి అది నాలుగక్షరాల సామెత అయింది. రాజుల కోసం పుట్టిన మాటని మా తాతయ్య గరిటె పట్టినవాళ్ళకి కూడా వర్తింపజేశాడు. మన చాలు మనకి తెలిస్తే సరిపోదు, ఎదుటివాడి చాలు కూడా చెవికెక్కాలి.

ఎక్కడ ఎక్కుతోంది! మొన్న అమలాపురంలో ఒక ఫంక్షన్ హాల్లో, తినేముందు చేతులు కడుక్కునేచోట ఎంగిలి డ్రమ్ము చూశాను. కొరికి వదిలేసిన ముక్కలు, వాటిమీద గులాబ్ జామూన్లు, ఆపైన కరిగి కారుతున్న ఐస్‌క్రీము. అటుపక్క ఎన్ని రకాలు పెట్టారో వీడియో తీసుకుంటున్నారు. అసహ్యం వేసింది. నా కుర్చీలోకి వచ్చి కూర్చుని భోజనం ముగించబోతుంటే, విందుకి పిలిచిన ఇంటాయన స్వయంగా సాంబారు గరిటె పట్టుకొచ్చాడు. చాలండీ అన్నాను. "మీరు మరీనండీ, మొహమాటపడకండి" అంటూ వంగాడు.

ప్లేటు మీద అరచెయ్యి బోర్లా పెట్టాను. సాంబారు బాగా వేడిగా ఉంది. చెయ్యి తియ్యలేదు.