గీతలక్క గది

ఆఫీసులో అందరూ ఆమెను గీతలక్క అనేవారు. ఇల్లు కట్టించుకోవాలని ఎవరొచ్చినా ఆర్కిటెక్టు సారు కంటే ముందు ఆవిడ దగ్గర కూర్చోవాల్సిందే. ఇంట్లో ఎంతమంది, ఎవరు ఎప్పుడు లేస్తారు, ఎవరికి మోకాళ్ల నొప్పులు, అత్తాకోడళ్లకు పడుతుందా లేదా, అన్నీ కూపీ లాగేది. తర్వాత కప్పు తీసేసి పైనుంచి తొంగిచూసినట్టు ఇల్లంతా పెన్సిలుతో గీసి చేతికిచ్చేది. గుమ్మంలో చెప్పులు, తీగ మీద తువ్వాలు, సగం తెరిచిన కిటికీ. పెన్సిలు గీత కాస్త వణికేది గానీ ఆ కాగితంలో మనుషులు కాపురం చేస్తున్నట్టే ఉండేది. అసలు కొలతల ప్లాను తర్వాతెప్పుడో వచ్చేది. జనం మనసు పడేది మాత్రం ఈ మొదటి బొమ్మ మీదే.

ఇన్ని ఇళ్లు గీసిన మనిషికి పడుకోవడానికి ఓ గది లేదు. ఏం చెప్పమంటారు! అమ్మానాన్నా పోయేసరికి తమ్ముడింకా నిక్కర్లలో ఉన్నాడు. వాణ్ణి పెంచి, చదివించి, పెళ్లి చేసేలోపు ఆవిడ పెళ్లి మాట ఎత్తేవాళ్లే లేకుండా పోయారు. ఇప్పుడు తమ్ముడి అద్దింటి హాల్లో మడత మంచం. టీవీ ఆపితేగాని దాన్ని వేయడానికి లేదు, పాలవాడు రాకముందే మడిచేయాలి. జ్వరమొచ్చినా అంతే. పిల్లలు చుట్టూ తిరుగుతూ బూట్లు వెతుక్కుంటుంటే దుప్పటి ముసుగేసుకుని మూలగాలి.

"మనిల్లు కట్టుకున్నప్పుడు బొమ్మ నువ్వే గీయాలక్కా. నీ గది నీ ఇష్టం," అని తమ్ముడు ఎన్నిసార్లన్నాడో. ఆ మాట పట్టుకునే ఆవిడ రోజులు వెళ్లదీసింది. లోపల గడియ పెట్టుకుని పడుకోవాలి. అంతకు మించి ఏ కోరికా లేదు.

ఇంతలో ఆఫీసులోకి ఏఐ వచ్చింది. కావలసింది నోటితో చెబితే చాలు, టీ చల్లారేలోపు ఇంటి బొమ్మ తయారు. మొదట్లో అది గీసిన ఇళ్లు హోటళ్లలా ఉండి ఎవరికీ నచ్చలేదు. అప్పుడు సారు గీతలక్క పాత బొమ్మలన్నీ బీరువాలోంచి తీయించి, స్కాన్ చేయించి దానికి నేర్పించాడు. అది గీసినవాటిలో తప్పులు చెప్పే పని కూడా ఆవిడకే అప్పజెప్పాడు. "ఇక్కడ కిటికీ ఇరుకైంది, ఇక్కడ చెప్పులు లేవు," అని పిచ్చి తల్లి ఒళ్లు దాచుకోకుండా చెప్పింది. పాముకు పాలు పోస్తున్నానని ఎవరైనా అనుకుంటారా?

అది ఆరితేరాక ఆఫీసులో కొత్త పద్ధతి మొదలైంది. ప్రతి ఇంటికీ గీతలక్క బొమ్మ ఒకటి, మిషన్ బొమ్మ ఒకటి గోడకు అంటిస్తారు. ఏది ఎవరిదో చెప్పరు. వచ్చినవాళ్లు నచ్చినదాని మీద వేలు పెట్టాలి. ఈ పద్ధతి పెట్టించింది గీతలక్కే. తన మీద జాలితో ఎవరూ తన బొమ్మ తీసుకోకూడదని ఆవిడ పౌరుషం.

ఆఖరికి తమ్ముడు స్థలం కొన్నాడు. "మీ తమ్ముడిదే కదమ్మా, దీనికి మిషన్ ఎందుకులే," అన్నాడు సారు.

"అందరికీ ఒక పద్ధతి, నాకొకటా సార్? నాకేం భయం?" అంది ఆవిడ.

సారు మాట వినుంటే ఏం పోయేది! విన్లేదు. మరదలు ఒక మధ్యాహ్నం వచ్చి మిషన్‌కు కావలసినవన్నీ చెప్పి వెళ్లింది. గీతలక్క ఆ ఛాయలకు కూడా పోలేదు. చాటుగా విన్నదంటే పరువు తక్కువని.

భయం లేదన్న మనిషికి పెన్సిలు పట్టగానే చెమటలు పోశాయి. తన చేతి వణుకు చూసి ముసలి గీతలంటారేమోనని బెదిరింది. ఎన్నడూ ముట్టని స్కేలు పట్టుకుని, ప్రతి గీతా తిన్నగా లాగి, ఇంకుపెన్నుతో దిద్దింది. చెప్పులూ తువ్వాలూ చిల్లరగా కనబడి వదిలేసింది. వంటగది వెనక, ఒక మంచం, ఒక బల్ల పట్టేటంత గది మాత్రం వేసింది. దానికి తలుపు గీసేటప్పుడు మటుకు సిగ్గుపడింది.

రెండు బొమ్మలూ గోడకెక్కిన రోజు తమ్ముడూ మరదలూ వచ్చారు. సారు కుర్చీలో కూర్చుని, "వేలు పెట్టండి," అన్నాడు. గీతలక్క గోడ పక్కన నిలబడింది.

తమ్ముడు తడుముకోలేదు. నేరుగా వెళ్లి మిషన్ బొమ్మ మీద వేలు పెట్టాడు.

"ఇదే మా అక్కది! ఈ చెప్పులు చూడండి, ఈ తువ్వాలు చూడండి. బుద్ధెరిగినప్పట్నుంచి చూస్తున్నా, నాకు తెలీదా?"

మరదలు రెండో బొమ్మ ముందు ఆగింది. "అయితే ఇది మిషన్‌ది. చూశారా, ఎంత బిగుసుకుపోయి ఉందో! పైగా మేం నలుగురమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. అయినా వెనకాల ఇంకో గది పెట్టింది. ఎవరికట?" అని నవ్వింది.

నలుగురం. గీతలక్క ఆ మాట దగ్గరే ఆగిపోయింది. మిషన్ బొమ్మలో వంటగది వెనక ఏముందో చూసింది. అక్కడ బట్టలుతికే చోటు ఉంది.

తమ్ముడు వెనక్కి తిరిగాడు. వాడి కళ్లలో నీళ్లు. అక్క రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అక్కా, నీ గది నువ్వే తీసేశావా? ఈ మాట నీతో ఎలా చెప్పాలా అని మేమిద్దరం నలిగిపోతున్నాం. పిల్లలకి చెరో గది కావాలాయె. నువ్వే అర్థం చేసుకున్నావు. అమ్మయినా ఇంత చేసేది కాదక్కా!"

సారు కుర్చీలోంచి లేచాడు. "అది కాదండీ, అసలా బొమ్మ..."

గీతలక్క ఆయన వైపు చూసి వద్దన్నట్టు తలాడించింది. నిజం చెప్పినా గది రాదు. పైగా వాడి కళ్లలో ఆ నీళ్లు కూడా మిగలవు. ఇన్నేళ్ల చాకిరీకి చేతికొచ్చింది అదొక్కటే.

"నేనే తీసేశానురా," అంది.

మరదలు గబగబా దగ్గరికొచ్చింది. "కాగల కార్యం గంధర్వులే తీర్చారంటే ఇదే వదినా! మా ఆఫీసు పక్కన ఆడవాళ్ల హాస్టలుంది. అడిగి పెట్టాను కూడా. గదికి ఆరుగురట గానీ అందరూ మంచివాళ్లేనట. ఒక బెడ్డు ఖాళీ అయింది."

"ఇల్లు పూర్తయ్యేదాకా ఆగొచ్చు కదే," అన్నాడు తమ్ముడు.

"బెడ్డు ఆగదుగా."

తమ్ముడు అక్క మొహంలోకి చూశాడు. చిన్నప్పుడు తన కంచంలోది తినేశాక ఆవిడ కంచంలోకి కూడా ఇలాగే చూసేవాడు.

"వెళ్తాలేరా," అంది గీతలక్క.

వాడి మొహం తేటపడటం ఆవిడ కళ్లారా చూసింది.