వైవాలో నా ఇద్దరు మామలు

ఆ రోజుల్లో అండమాన్ దీవుల్లోని మా బాంబూఫ్లాట్‌లో పిల్లలన్నాక డాక్టరైనా కావాలి, ఓడ మీద ఉద్యోగమైనా సంపాదించాలి. అలాంటి చోట నేను పదకొండో తరగతిలో సోషియాలజీ తీసుకున్నాను. ఇనుప సామాన్ల దుకాణం నడిపే మా నాన్న తల పట్టుకున్నారు. "ఏటమ్మా, పక్కింటోలు ఎలా బతుకుతున్నారో తెలుసుకోడానికి పరీచ్చలేటి? మీ నాయనమ్మ ఏ బడికెళ్లింది, ఊరందరి సంగతీ చెప్పీదా?" (నాయనమ్మ దీన్ని పొగడ్తగానే తీసుకుంది.) చివరికి ఒప్పందం కుదిరింది. ఆ సబ్జెక్టులో మంచి మార్కులొస్తే బి.ఏ. చదువు, రాకపోతే దుకాణంలో మేకులు తూచడం.

ప్రాజెక్టుకి మా చుట్టరికాల చార్టు వేశాను. వైవాకి, అంటే నోటి పరీక్షకి, మెయిన్‌లాండ్ నుంచి కొత్తగా వచ్చిన మేడం దాన్ని చూస్తూ చూస్తూ, మా అమ్మ తోడబుట్టినవాళ్ల వరసలో ఒక మలయాళీ పేరు దగ్గర ఆగారు. "యే తుమ్హారా మామా కైసే హువా?" అన్నారు, ఈయన నీకు మామ ఎలా అయ్యాడని. ఆయన మా పక్కింట్లో ఒంటరిగా ఉండే ఫెర్రీ మెకానిక్. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మామా అనే పిలుస్తున్నానేమో, అమ్మకి తోడబుట్టినవాడు కాడన్న సంగతే చార్టు వేసేటప్పుడు తట్టలేదు! మేడం ఎర్ర పెన్ను మూత తీశారు.

ఎలాగూ మునిగాను కదా అని ఉన్నదున్నట్టు చెప్పేశాను. మాలో ఆడపిల్లకి చెవులు కుట్టేటప్పుడు మేనమామ ఒళ్లో కూర్చోబెడతారు. నా చెవులు కుట్టే రోజున సముద్రం బాగోక, మా అమ్మ తమ్ముడెక్కిన విశాఖ ఓడ ఆలస్యమైంది. ముహూర్తం దాటిపోతోంది. నాయనమ్మ గోడ మీద నుంచి కేకేసింది. "భయ్యా, జల్దీ రా! ఈ రోజుకి నువ్వే మామవి!" ఆయన చేతుల గ్రీజు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. నేను ఏడ్చి ఏడ్చి ఆయన చెయ్యి కొరికానట. ఆ ఒక్క రోజు మామరికం ఇక దిగలేదు. పండక్కి కొత్త బట్టలు, బళ్లో తగాదాలు, జ్వరమొస్తే ఆసుపత్రి, అన్నీ ఆయనవే.

"ఔర్ అస్లీ మామా?" అన్నారు మేడం.

"ఓడ దిగగానే అలిగారు మేడం, నేనుండగా ఇంకొకరి ఒళ్లో కూర్చోబెడతారా అని. చార్టులో ఉన్నారు, రెండో మామ."

మేడం పెన్ను పక్కన పడేసి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. "బేటీ, పూరా చాప్టర్ యహీ తో హై!" అన్నారు, పాఠమంతా ఇదేనట.

ప్రాజెక్టుకి పూర్తి మార్కులు! ఫలితాలొచ్చిన రోజు నాన్న దుకాణానికొచ్చిన వాళ్లందరికీ లడ్డూలు పెట్టి, "సోషియాలజీ అంటే ఆషామాషీ అనుకున్నారేటి?" అని దబాయించారు. మెకానిక్ మామ మాత్రం చార్టులో తన పేరు వెతికి దాని మీద వేలు పెట్టాడు. "మేరా నామ్... అమ్మ పక్కనే రాసినావా?" అని, మొహం తిప్పేసుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది.

ఇలాంటి చుట్టరికానికి పుస్తకాల్లో 'ఫిక్టివ్ కిన్‌షిప్' అని ఓ గంభీరమైన పేరుందని డిగ్రీలో తెలిసింది. ఇప్పుడు టీచర్నై ఆ పేరు నేనే పిల్లలకు బోర్డు మీద రాసి చెబుతున్నాను. ఆ రోజే తెలిసుంటే, తెలివైనదానిలా ఆ ఒక్క ముక్క చెప్పి ఊరుకునేదాన్ని. మామ ఆ పరీక్ష గదిలోకి వచ్చేవాడే కాదు.